కొట్టేసినా పోని లైను

వేలెడంత చీటీ అది. ఒక నివేదికలో నలభై రెండో పేజీకీ నలభై మూడో పేజీకీ మధ్య జిగురుతో అంటించి ఉంటుంది. "పట్టిక 7లో 84 బదులు 217 అని చదువుకోగలరు. టైపు పొరపాటుకు చింతిస్తున్నాము." అంతే. చింతించినవాళ్ళెవరో అందులో లేదు. టైపు చేసిందెవరో మాత్రం ఆ మూడంతస్తుల భవనంలో గేటు దగ్గర కూర్చునే మనిషితో సహా అందరికీ తెలుసు.

ఆ చీటీని కూడా ఆవిడ చేతే టైపు చేయించారు. అరవై కాపీలు తీయించి, కత్తెరతో కత్తిరించి, జిగురు రాసి అంటించే పనీ ఆవిడకే అప్పజెప్పారు. చేయని తప్పుకు తన చేత్తోనే తీర్పు రాసుకుని, ఆ తీర్పును అరవైసార్లు అంటించిన మనిషి ఆవిడ. నోరెత్తలేదు. ఎత్తి ఉంటే నిజం అప్పుడే బయటపడేది. 84 అన్న అంకె పెద్దసారు, అంటే ఆ విభాగం పెద్ద శాస్త్రవేత్త, స్వహస్తాలతో రాసి పంపిన కాగితం ఆవిడ సొరుగులోనే ఉంది. కానీ ఆవిడది ఏడాదికోసారి పొడిగిస్తే నిలిచే ఉద్యోగం. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. పొడిగింపు ఉద్యోగాల్లో అసలు నోరే లేకపోతే ఊరు ఇంకా మంచిది.

ఆఫీసులో ఆవిడను బ్రాకెట్టమ్మ అంటారు. శాస్త్రవేత్తలు గిలికి ఇచ్చిన సమీకరణాలనూ పట్టికలనూ కంప్యూటర్లో, అచ్చుకు తగ్గట్టు కూర్చడం ఆవిడ పని. మూరెడు పొడవున్న సమీకరణంలో తెరిచిన బ్రాకెట్టును ఎవరో మూయడం మరిచిపోతే, మిగతావాళ్ళు పూటంతా వెతికినా దొరకనిది, ఆవిడ చేతిలో టీ గ్లాసు కింద పెట్టకుండానే వేలు పెట్టి చూపించేది. "తెరిచినవాళ్ళే మూసుకోవాలి గదా సార్, తలుపైనా బ్రాకెట్టయినా" అనేది. మొదట ఎగతాళికి పెట్టిన పేరు. తర్వాత పనికి గుర్తయింది. ఆ తర్వాత ఆవిడ అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా మిగల్లేదు.

ఆవిడ గది మూడో అంతస్తులో, లిఫ్టు మోటారు పక్కన. లిఫ్టు కదిలినప్పుడల్లా టేబుల్ మీద పెన్సిళ్ళు వణికేవి. కిటికీ ఉంది గానీ అది తెరుచుకునేది పక్క భవనం గోడ మీదికి. చీటీ నాటికే పద్దెనిమిదేళ్ళుగా ఆ గోడ మీద నాచు ఎటు పాకిందో ఆవిడకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఆ సంస్థ పని, మనుషులు పనిచేసే చోట్ల గాలిని పరీక్షించడం. అందుకు పంపు పట్టుకుని తిరిగే పెద్దాయన ఒకడున్నాడు, అందరికీ పంపు బాబాయ్. కార్మికుడి చొక్కా కాలరుకు ఒక గొట్టం తగిలించి, నడుముకు చిన్న పంపు కడతాడు. పూటంతా ఆ మనిషి ముక్కు దగ్గరి గాలి కొంత ఆ గొట్టంలోని తెల్లటి వడపోత కాగితం గుండా పోతుంది. ఆ కాగితాన్ని పనికి ముందు తూస్తారు, పని అయ్యాక తూస్తారు. తేడా ఎంతో దుమ్ము అంత. అందులో ఊపిరితిత్తులను తినేసే రాతిపొడి ఎంతో తేలుస్తారు. మనిషి తట్టుకోగల హద్దును నూరుగా పెట్టుకుని, నూరుకి ఎంత అని లెక్క చెబుతారు. నూరు దాటితే యజమాని నీళ్ళు చిమ్ముతూ కోసే రంపాలు పెట్టి తీరాలి. దాటకపోతే ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు. ఒక్క అంకె. దానికి అటుపక్క కొందరి లాభం, ఇటుపక్క కొందరి ఊపిరి.

ఒక రాళ్ళ కర్మాగారం గాలిని అట్లాగే పరీక్షించారు. మొదటి విడత కాగితాలు తూచి లెక్కేస్తే 84 వచ్చింది. పెద్దసారు ఆ అంకెను రాసి బ్రాకెట్టమ్మకు పంపాడు. వారం తర్వాత కోత షెడ్డులో మధ్యాహ్నం పూట తీసిన కాగితాలు తూకానికి వచ్చాయి. లెక్క మళ్ళీ వేశారు. 217 అయింది. కానీ లెక్కలు వేసేది ఒక ప్రోగ్రాములో, నివేదిక రాసేది వేరే ఎడిటరులో, అంటే రాతపని చేసే ప్రోగ్రాములో. ఆ రెంటికీ మధ్య వంతెన మనిషి చెయ్యి. కొత్త అంకెను ఇటు మోసుకురావడం ఆ చెయ్యి మరిచిపోయింది. మరిచిన చెయ్యి పెద్దసారుది. నింద పడిన చెయ్యి బ్రాకెట్టమ్మది.

చీటీ అంటించేసరికి పైవాళ్ళు 84 చూసి "హద్దులోపే ఉంది" అని ఫైలు మూసేశారు. మూసిన ఫైలును తెరవడం వేలెడంత చీటీ వల్ల అవుతుందా?

ఆ కోత షెడ్డులో రాళ్ళు కోసేవాళ్ళలో ఒకడు ఆవిడ సొంత అన్న.

*

అన్న ఇల్లు బస్సు చివరి స్టాపు దగ్గర. రెండు గదులు. వదిన రోజుకు నాలుగుసార్లు తడిగుడ్డ పెట్టి తుడుస్తుంది, అయినా కిటికీ అంచున వేలు పెట్టి గీస్తే గీత పడుతుంది. అన్న పని బట్టలు వేరే తొట్టిలో నానేవి. మూడు నీళ్ళు మార్చినా తొట్టి అడుగున బూడిదరంగు వండు మిగిలేది. చీటీ అంటించిన ఆ వారం, ఆదివారం పూట, ఆవిడ అక్కడికి వెళ్ళింది.

"రావే, గాలి రాసే తల్లీ" అన్నాడు అన్న, మంచం మీంచి లేవకుండానే. "ఎట్లా ఉంది మా షెడ్డులో గాలి? నువ్వు టైపు కొడితే గదా మాకు తెలిసేది."

"నేను కొట్టింది నేను లెక్కేసింది కాదన్నయ్యా."

"అది నాకు తెలుసు. నా ఊపిరితిత్తులకే తెలీదు. వాటికి చదువు రాదు పాపం."

"చాల్లే ఊరుకోండి" అంది వదిన టీ గ్లాసులు తెస్తూ. "ఆదివారం పూట కూడా ఎత్తిపొడుపులేనా? ఆమె మాత్రం ఏం చేస్తుంది? వాళ్ళు ఇచ్చింది కొట్టింది."

"అదే నేనూ అంటున్నా. నేనూ వాళ్ళు ఇచ్చిందే పీలుస్తున్నా." అన్న నవ్వాడు. ఆ నవ్వు సగంలో దగ్గయింది. దగ్గు తగ్గాక చెల్లెలి మొహం చూసి గొంతు తగ్గించాడు. "ఏడవకే. నీ మీద కోపం కాదు. నువ్వు టైపు కొట్టిన గాలి ఒకటి, నేను పీల్చే గాలి ఒకటి. రెండూ ఒకటైతే ఎంత బాగుండేదో అని."

తిరుగు బస్సులో ఆ మాట ఆవిడ చెవుల్లో గింగురుమంటూనే ఉంది. అందరూ చెప్పే మందు ఒకటే: ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. రెండుసార్లు సరిచూసుకోవాలి. జాగ్రత్తట! పద్దెనిమిదేళ్ళలో ఆవిడ చూడని జాగ్రత్తా? అంకెను మోసే చెయ్యి ఉన్నంతకాలం ఏదో ఒకరోజు జారుతుంది. జారినప్పుడు ఎవరి చెయ్యి చౌకో వాళ్ళ మీద పడుతుంది. కాబట్టి మోయడమే ఉండకూడదు. లెక్కా నివేదికా ఒకే కాగితం మీద ఉండాలి.

ఇంతకుమించి ఆవిడ దగ్గర సిద్ధాంతమేమీ లేదు.

*

ఆవిడ వాడే ఎడిటరు లోకంలోని నలుగురూ కలిసి తయారుచేసి, ఉచితంగా వదిలినది. లోపలి ఇంజనుకు సీలు వేసి లేదు, చూడగలిగినవాళ్ళు విప్పి చూడొచ్చు. పన్నెండో తరగతితో చదువాగిన మనిషి, మధ్యాహ్నం అన్నం డబ్బా పక్కన పెట్టుకుని విప్పడం మొదలుపెట్టింది. ఒక్కొక్క మెలిక అర్థం కావడానికి ఒక్కొక్క వారం. అలా రెండేళ్ళు. పక్క గదివాళ్ళు "బ్రాకెట్టమ్మ రాకెట్టు తయారుచేస్తోందర్రా" అని నవ్వుకున్నారు. ఆవిడా నవ్వింది. నవ్వితే వాళ్ళు త్వరగా వెళ్ళిపోతారు.

ఆవిడకు కావలసింది ఇది. నివేదిక మధ్యలో, పేరా కిందనే, ఒక పెట్టె తెరుచుకోవాలి. అందులో లెక్క టైపు చేసి ఎంటర్ కొడితే వెనక నడుస్తున్న లెక్కల ప్రోగ్రాము జవాబు చెప్పాలి. ఆ జవాబు పెట్టె కిందే, అచ్చులో ఎట్లా ఉండాలో అట్లాగే, బ్రాకెట్లతో సహా కూర్చుని ఉండాలి. అది చూసి ఇంకో ప్రశ్న వేస్తే ఇంకో జవాబు. పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడినట్టు. ఇట్లా మాటకు మాట చెప్పే పెట్టెను కంప్యూటరువాళ్ళు కన్సోల్ అంటారు. పట్టికలో అంకెను ఎవరూ టైపు చేయరు. అది పెట్టెలోని జవాబును చూపిస్తుంది, లెక్క మారితే తనూ మారుతుంది.

అంతా కుదిరింది గానీ ఒక్కచోట బండి ఆగింది. అది అన్న దగ్గర వెళ్ళబోసుకుంది.

"ప్రశ్న పంపుతున్నానన్నయ్యా, జవాబు వస్తోంది. అయితే చెప్పడం అయిపోయిందో ఇంకా ఉందో ఆ ప్రోగ్రాము చెప్పదు. మా ఎడిటరేమో నోరు తెరుచుకుని ఎదురుచూస్తూనే ఉంటుంది. తెర బిగుసుకుపోతుంది."

"మాకు తెలియని రోగమా అది?" అన్నాడు అన్న. "రంపం మోతలో ఎవడి మాటా ఎవడికీ వినపడదు. ఇద్దరం రాతిపలక చేతులు మార్చుకునేటప్పుడు, అవతలివాడు పట్టుకున్నాడో లేదో తెలీకుండా వదిలామనుకో, వాడి కాలో నా కాలో పచ్చడే. అందుకని పట్టుకున్నవాడు గొంతు చించుకుని 'అందింది' అంటాడు. ఆ మాట చెవిన పడేదాకా నేను వదలను. చేతులు ఊడిపోనీ."

"వాడు అనకపోతే?"

"అనేదాకా వాడి ఏడు తరాలనూ తిడతా. అంటాడు, ఎందుకనడు!"

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ ప్రతి ప్రశ్న వెనకాలా ఒక చిన్న ఆజ్ఞ తగిలించింది: జవాబంతా చెప్పాక చివర 'అందింది' అను. ఆ మాట కనపడగానే ఎడిటరు జవాబు పూర్తయినట్టు తెలుసుకుంటుంది, ఆ మాటను మాత్రం దాచేసి మిగతాది చూపిస్తుంది. తెర మళ్ళీ బిగుసుకోలేదు. చదువుకున్నవాళ్ళు ఎంతమంది ఆ కన్సోల్ వాడినా, దాని లోపల ఒక రాళ్ళ షెడ్డు కేక ప్రశ్నకొకసారి మోగుతోందని వాళ్ళకు తెలియదు.

ఒక్క లోపం మాత్రం మిగిలింది. దాన్ని ఆవిడ దాచుకోలేదు. వెనక ఉన్న ప్రోగ్రాము, తెరిచినప్పటి నుంచి మూసేదాకా విన్నదంతా గుర్తు పెట్టుకుంటుంది. కాగితం మీద ఒక లైను కొట్టేస్తే కాగితం మీద పోతుంది గానీ దాని బుర్రలోంచి పోదు. నోరు జారిన మాటలాంటిదే. అందుకని వాడే విధానం రాసిన కాగితంలో మొదటి పేజీలోనే ఎర్ర అక్షరాలతో పెట్టింది: "లైను కొట్టేసినా దాని ప్రభావం పోదు. పంపే ముందు మూసి, మళ్ళీ తెరిచి, మొదటి నుంచి నడిపించి చూసుకోండి." తన బల్ల దాటే ఏ నివేదికనైనా ఆవిడ అట్లా చేశాకే పంపేది. ఆఫీసులో దానికి 'బ్రాకెట్టమ్మ కడుగుడు' అని పేరు పెట్టారు.

కన్సోల్ బాగా పాకింది. పెద్దసారు దాన్ని ఊరూరి సభల్లో "మా విభాగం రూపొందించిన పద్ధతి" అని చూపించాడు. తెర మీద వేసిన ఫొటోలో కీబోర్డు మీద ఆవిడ వేళ్ళు పడ్డాయి. మణికట్టు దాకానే. దాన్ని కూడా ఆవిడ భరించింది. చీటీ ముందు అదొక లెక్కా?

*

చీటీ అంటించిన పదకొండో ఏడు ఆ రాళ్ళ కర్మాగారం గాలిని మళ్ళీ పరీక్షించాల్సి వచ్చింది. ముగ్గురు కార్మికులు ఆస్పత్రి పాలై, మిగతావాళ్ళు గట్టిగా అడిగాక గాని పైవాళ్ళు కదల్లేదు. అన్న అప్పటికి పలకలు ఎత్తలేడు. అదే షెడ్డులో మూల కూర్చుని కోసిన పలకల మీద నంబర్లు వేస్తున్నాడు. ఇంటి ముందు ఆరు మెట్లు ఎక్కడానికి మూడో మెట్టు మీద ఒకసారి, ఐదో మెట్టు మీద ఒకసారి ఆగుతాడు. "మీ షెడ్డులో నీళ్ళ రంపాలు పెడితే ఇంకొన్నాళ్ళు లాగొచ్చు, లేదంటే కష్టం" అన్నాడు డాక్టరు. రంపాలు పెట్టాలా వద్దా అన్నది ఈ నివేదికతో తేలుతుంది.

"అమ్మాయ్, ఈసారి మీ అన్న కాలరుకు నేనే తగిలించా" అన్నాడు పంపు బాబాయ్, చిన్న చిన్న రేకు డబ్బాలున్న పెట్టె తూకం గదికి తీసుకుపోతూ ఆవిడ గుమ్మం దగ్గర ఆగి. "గిలిగింతలు పెడుతున్నావా ముసలోడా అని నన్నే ఆటపట్టించాడు. చూడు ఇది."

డబ్బా మూత తీశాడు. తెల్లగా ఉండాల్సిన కాగితం తడిసిన సిమెంటు రంగులో ఉంది.

"ఎన్నో నంబరు బాబాయ్?"

"ముప్ఫై నాలుగు. ముప్ఫై ఒకటి నుంచి ముప్ఫై తొమ్మిది దాకా కోత షెడ్డువే, మధ్యాహ్నం పూటవి. తొమ్మిదీ ఇదే రంగు." మూత పెట్టేసి, "పంపు ముందూ వెనకా సరిచూసి సంతకం పెట్టా. ఈసారి ఎవరూ వంక పెట్టలేరులే" అని వెళ్ళిపోయాడు.

మూడు వారాల తర్వాత పెద్దసారు నుంచి నివేదిక ఫైలు వచ్చింది. ఆరోజు సాయంత్రం ఐదుకల్లా, రంపాల సంగతి తేల్చే కమిటీకి పంపాలి. పట్టిక 5లో 79. కింద వాక్యం: "గాలిలో రాతిపొడి నిర్దేశిత హద్దులోపే ఉన్నట్టు తేలింది."

 ఆవిడ రోజూ చేసే పని చేసింది. ఫైలు మూసింది. తెరిచింది. మొదటి నుంచి నడిపించింది. పెట్టెలు ఒక్కొక్కటే జవాబులు చెప్పుకుంటూ కిందికి దిగాయి. పట్టిక 5 దగ్గరికి వచ్చేసరికి 79 చెరిగిపోయి 231 అయింది.

లిఫ్టు కదిలింది. పెన్సిళ్ళు వణికాయి.

ఆవిడ ఒక కొత్త పెట్టె తెరిచింది. ముప్ఫై ఒకటి నుంచి ముప్ఫై తొమ్మిది దాకా తీసేసి లెక్క చెప్పమని అడిగింది. 79 అంది కన్సోల్. అటూ ఇటూ ఒక్క బిందువు తేడా లేదు.

ఏం జరిగిందో అరటిపండు ఒలిచినట్టు అర్థమైంది. పెద్దసారు కన్సోల్లో ఆ తొమ్మిదింటినీ తీసేయమని ఒక లైను రాశాడు. 79 వచ్చింది. తీసేసినట్టు చదివేవాళ్ళకు కనపడకూడదని ఆ లైను కొట్టేశాడు. ప్రోగ్రాము బుర్రలో అది అట్లాగే ఉంది కాబట్టి 79 అట్లాగే ఉంది. సంతోషంగా పంపేశాడు. ఎర్ర అక్షరాలు ఆయన చదివి ఉండడు. బ్రాకెట్టమ్మ రాసినవి ఆయన చదవడమేమిటి?

ఆవిడ ఆయన గదికి వెళ్ళింది.

"సార్, పట్టిక ఐదులో అంకె మారింది. 231 వస్తోంది."

పెద్దసారు కళ్ళజోడు తీశాడు. "ఆ తొమ్మిదీ సందేహం ఉన్న నమూనాలమ్మా. పంపులో ఏదో తేడా ఉంది."

"పంపు సరిగ్గా ఉందని సంతకం ఉంది సార్. పోనీ, తీసేస్తే తీసేశామని రాయాలి గదా. ఆ లైను మీరు కొట్టేశారు."

"కొట్టేశాను గదా, పోయింది గదా! మీరెందుకు మళ్ళీ తవ్వుతారు?"

"నేను తవ్వలేదు సార్. మీరు కొట్టేశారు కాబట్టే నిజం అంకె వచ్చింది. ఆ లైను ఉంచి ఉంటే 79 అట్లాగే ఉండేది."

పెద్దసారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత ఆయన గొంతు మెత్తబడింది.

"చూడమ్మా. మీరు పెద్దవారు, అనుభవమున్నవారు. పట్టికలో ఆ పెట్టె తీసేసి 79 అని చేత్తో టైపు కొట్టండి. రెండు క్షణాల పని. అన్నట్టు మీ పొడిగింపు కాగితం నా బల్ల మీదే ఉంది. ఇవాళే సంతకం చేద్దామనుకుంటున్నా."

గదికి వచ్చి కూర్చుంది. గడియారం నాలుగుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. గోడ మీద నాచు ఎక్కడిదక్కడే ఉంది. పదకొండేళ్ళ కిందట ఆవిడ చేయని టైపు పొరపాటును చేసిందన్నారు. ఇప్పుడు ఆ పొరపాటును నిజంగా చేసిపెట్టమంటున్నారు. మాట పడ్డాం కదా, పనీ చేసేస్తే సరిపోతుందన్నట్టు. యాభయ్యో ఏట ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు? ఆవిడ కర్సరును 231 మీద పెట్టింది. అది ఆరుతూ వెలుగుతూ ఉంది. ముప్ఫై నాలుగో నంబరు కాగితం రంగు గుర్తొచ్చింది.

నాలుగున్నరకు నివేదిక పంపేసింది. వాక్యం పెద్దసారుది, దాన్ని ఆవిడ ముట్టుకోలేదు. అంకె కాగితాలది, దాన్నీ ముట్టుకోలేదు.

*

కమిటీలో ఎవరో పట్టికనూ వాక్యాన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. 231 హద్దులోపల ఎట్లా ఉంటుందని అడిగారు. నిజం అక్కడే తేలిపోవాల్సింది. కానీ పెద్దసారు లేచి, అది ఆఫీసు టైపిస్టు ఒకామె సొంతంగా తయారుచేసిన సాధనమనీ, నమ్మదగింది కాదనీ, తామే దాన్ని తీసేయాలనుకుంటున్నామనీ చెప్పాడు. సభల్లో విభాగానిదైన కన్సోల్ ఆపద వచ్చేసరికి టైపిస్టుదయింది. ఆవిడ పేరుకు దగ్గరగా ఒక మాట ఆ సాధనానికి తగలడం అదే మొదటిసారి.

వారం తిరక్కుండా కొత్త చీటీ వచ్చింది. "పట్టిక 5లో 231 బదులు 79 అని చదువుకోగలరు. సాఫ్ట్‌వేర్ పొరపాటుకు చింతిస్తున్నాము." ఈ చీటీని ఆవిడ టైపు చేయలేదు. పొడిగింపు కాగితం మీద సంతకం పడలేదు. ఆఫీసులో అన్ని కంప్యూటర్లలోంచీ కన్సోల్ తీసేశారు. ఇప్పుడు అక్కడ అంకెలను మళ్ళీ చేతులే మోస్తున్నాయి.

సంచీ సర్దుకుంటుంటే పంపు బాబాయ్ వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు, గొంతు తగ్గించి చెప్పాడు.

"తొమ్మిది డబ్బాలూ సామాన్ల గదిలో కింది అరలో ఉన్నాయమ్మాయ్. ఏడాది చివర పాత నమూనాలన్నీ పారేయాలని నియమం. నేను మార్చిలో రిటైరవుతా. ఈలోగా ఎవరైనా మళ్ళీ తూచమని బయటినుంచి అడిగితే తూచాలి. లోపలివాళ్ళం అడిగితే..." అని ఆవిడ సంచీ వైపు చూశాడు.

ఆ ఆదివారం అన్న కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. పడుకుంటే ఊపిరి ఆడదు, అందుకని కూర్చునే నిద్రపోతున్నాడిప్పుడు. వదిన ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

"ఏమే, ఉద్యోగం ఊడిందటగా" అన్నాడు.

"ఊడింది."

"79 కొట్టి ఉంటే ఉండేది."

"ఉండేది."

"కొట్టి ఉంటే మాకు నీళ్ళ రంపాలు వచ్చేవా?"

"వచ్చేవి కాదు."

"మరింకేం. కొట్టకపోయినా రాలేదు." ఆగాడు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటున్నాడు. "కానీ ఒకటే. ఈసారి నువ్వు టైపు కొట్టిన గాలీ, నేను పీల్చిన గాలీ ఒకటేనే."

వదిన మొహం పక్కకు తిప్పుకుంది. కిటికీ అంచు తుడవడానికి గుడ్డ అందుకుంది.

*

బ్రాకెట్టమ్మ ఇప్పుడు ఇంట్లోనే విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలు కూర్చి పెడుతోంది. కన్సోల్ ఆవిడ పాత కంప్యూటర్లో బతికే ఉంది. అడిగినవాళ్ళకు ఊరికే ఇస్తుంది, ఎర్ర అక్షరాల పేజీతో సహా. పదకొండేళ్ళ నాటి 84 కాగితం సొరుగులోంచి ఇంటికి తెచ్చుకుంది. దాన్ని ఇప్పుడు దాచడం లేదు, ఎవరు అడిగినా చూపిస్తుంది. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

చదివినవారు అయ్యో అని జాలిపడితే ఆవిడకు పైసా ఉపయోగం లేదు. అడగండి. ఆ సంస్థ చిరునామా నివేదిక వెనక అట్ట మీదే ఉంటుంది. ముప్ఫై ఒకటి నుంచి ముప్ఫై తొమ్మిది దాకా ఉన్న తొమ్మిది కాగితాలను ఏడాది ముగిసేలోగా బయటివాళ్ళ ముందు మళ్ళీ తూచమని నాలుగు ముక్కలు రాయండి. ఆ ఊరూ ఆ షెడ్డూ మీకు దూరమైతే, మీ దగ్గర కూడా ఎవరో ఒకరు ఒక అంకె చూపించి, మీ గాలి మంచిదనో మీ నీళ్ళు మంచివనో చెప్పే ఉంటారు. ఆ అంకె ఏ లెక్కలోంచి వచ్చిందో, ఆ లెక్కలో ఏ లైను కొట్టేశారో చూపించమనండి. వేటిని తీసేశారు, ఎవరు తీసేయమన్నారు అని రాతపూర్వకంగా అడగండి. టైపు పొరపాటు అన్న జవాబొస్తే, టైపు చేసిన మనిషిని పిలిపించి ఆవిడ మాటా వినమనండి. జవాబు వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ అడగండి.

రాతిపలక ఇటువైపు చేతుల్లో ఇంకా ఉంది. చాలా బరువుగా ఉంది. అటువైపు నుంచి ఎవరైనా పట్టుకుని, 'అందింది' అని వినపడేలా అనండి.